వంతపాటను వినడం: బుర్రకథ కుటుంబ దళాన్ని తెలుసుకునే తీరు

బుర్రకథ అనగానే మనలో చాలామందికి తలపాగాకు తురాయి పెట్టుకుని, భుజాన తంబూర మోస్తూ, నడుముకు పట్టీ బిగించి, గజ్జెల కాళ్లతో ముందుకూ వెనక్కూ అడుగులు వేసే కథకుడు ఒక్కడే కళ్ల ముందు మెదులుతాడు. అతనికి అటూ ఇటూ గుమ్మెటలనే చిన్న డోళ్లు పట్టుకుని నిలబడిన ఇద్దరినీ మనం పక్కవాద్యం కిందనే జమకడతాం. ఆ అలవాటును మానుకోమని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఒక దళం, ముఖ్యంగా తండ్రీబిడ్డలో అన్నాచెల్లెళ్లో ఆలుమగలో కలిసి కట్టుకున్న దళం, ఎటువంటిదో తెలుసుకోవాలంటే ముందుగా వినవలసింది వంతలను, అంటే పక్కన నిలబడి వంత పాడే ఆ ఇద్దరినీ. నాటకం మధ్యనున్న కథకుడి దగ్గర నిలబడుతుంది. తాతముత్తాతల నాటి పాట ముగ్గురి గొంతుల్లోనూ ఉంటుంది. నిరసన మాత్రం చాలావరకు పక్కనుంచే వస్తుంది.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చాలా ఏళ్ల కిందట గుంటూరు జిల్లాలో కాలువ చివరి భూముల దగ్గరి ఒక ఊరి తిరునాళ్లలో బొబ్బిలి కథ విన్నాను. తంబూర పట్టినది అన్న, కుడిపక్కన చెల్లెలు, ఎడమపక్కన అతని కొడుకు. కోటను ముట్టడించే ఘట్టం మంచి వేడిమీద ఉండగా చెల్లెలు గుమ్మెట ఆపి, "అన్నయ్యా, కోటలో వాళ్లకు మంచినీళ్లు ఎక్కడినుంచి వచ్చేవి? మన ఊరి కాలువలోనుంచి మాత్రం కాదుగదా!" అని అడిగింది. జనం ఒక్క క్షణం నిశ్శబ్దమై, ఆ తరువాత పెద్దపెట్టున నవ్వారు, ఎందుకంటే ఆ ఏడు అక్కడి చివరి పొలాలకు నీరు అందలేదు. ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషులు మాత్రం నవ్వలేదు. అన్న సమాధానం చెప్పకుండా "తందాన తాన" ఎత్తుకున్నాడు. ఇంటికి వచ్చి రికార్డు పెట్టి చూసుకుంటే, నేను యంత్రాన్ని కథకుడి వైపే తిప్పి పెట్టినందువల్ల, ఆ ప్రశ్న ఒక గొణుగుడుగా తప్ప వినబడలేదు. ఆ రాత్రి జరిగినదానిలో అసలైన మాట నా దగ్గర లేకుండా పోయింది.

ముందుగా తెలిసి ఉండవలసినవి

బుర్రకథకు ఆ పేరు తంబూర బుర్రనుబట్టి వచ్చిందని చెబుతారు. దీనికి ముందరి రూపాన్ని జంగం కథ అనీ, తందాన కథ అనీ పిలిచేవారు. తెలంగాణలో ఇదే కుదురుకు చెందినదాన్ని, వాయించే శారద అనే వాద్యం పేరుమీద, శారద కథ అంటారు. ఈ కథలు చెప్పినవారిలో జంగాల కుటుంబాలు ముఖ్యమైనవి. భర్త తంబూర మీటుతూ కథ నడిపితే, భార్య గుమ్మెట వాయిస్తూ వంత పాడేది. ఊరూరా తిరిగే ఆ కుటుంబాలలో పిల్లలకు వేరే బడి లేదు, వంతపాటే బడి. కాబట్టి కుటుంబ దళం అనేది ఇటీవల పుట్టిన వింత కాదు. ముగ్గురు పరాయివాళ్లు కలిసి దళం కట్టడమే తరువాతి మాట.

ఆ కుటుంబాలు పాడిన కథలలో అప్పటికే ధిక్కారం ఉంది. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి పెట్టించిన చాపకూడు ఉంది. మొగలు సర్కారును ఎదిరించి 1710లో ప్రాణాలు పోగొట్టుకున్న సర్వాయి పాపన్న కథ తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ పాటగానే బతుకుతోంది. 1757లో బుస్సీ ఫ్రెంచి సేనలు విజయనగరం రాజు పక్షాన బొబ్బిలి కోటమీద విరుచుకుపడిన కథ బుర్రకథకులందరికీ కూడుపెట్టిన కథ. నిరసన అనేది 1940లలో ఎవరో బయటినుంచి తెచ్చి ఈ కళకు అతికించారనే అభిప్రాయం కొందరిలో ఉంది. నేను దానితో ఏకీభవించలేను. ఉన్న నిప్పును వాళ్లు ఊదారు, అంతే.

ఊదినవారు గట్టివారే. 1943లో బొంబాయిలో భారతీయ ప్రజా నాట్య సంఘం ఏర్పడిన తరువాత ఆంధ్ర ప్రాంతంలో ప్రజానాట్యమండలి ఆ పనిని చేపట్టి, జంగం కథను కొత్త వేషంతో, వేగమైన అడుగులతో, ఇద్దరు వంతలకు చేతినిండా మాటలతో రైతు సభల్లోకి తీసుకువచ్చింది. సుంకర సత్యనారాయణ రైతుకూలీల కష్టాలను వస్తువుగా చేసుకుని కథలు రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్, వంతగా మొదలై కథకుడై, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతోపాటు 1943 నాటి బెంగాల్ కరువు కథను కూడా ఊరూరా చెప్పారు. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశారు. కులవృత్తి పేరుతో తనను చిన్నచూపు చూసిన మాటనే తన ఆత్మకథకు పేరుగా పెట్టుకుని "పింజారి" అన్నారు. కుటుంబ దళాన్ని వినబోయే ముందు చదవవలసిన పుస్తకం ఒకటి చెప్పమంటే నేను దానినే చెబుతాను, ఎందుకంటే ఒక కళాకారుడి శరీరం ఎంత శ్రమపడితే ఆ రెండు గంటల కథ బయటికి వస్తుందో అందులో తెలుస్తుంది.

మోటూరి ఉదయం వంటి స్త్రీలు దళం కట్టి వేదిక ఎక్కడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. ఇక్కడ ఒక మెలిక గమనించాలి. జంగాల ఇళ్లలో స్త్రీ గొంతు తరతరాలుగా ఉన్నదే. అయినా అది బిచ్చగత్తె పాటగానే చెల్లింది. చదువుకున్న కుటుంబాల స్త్రీలు అదే గుమ్మెటను పట్టినప్పుడు అది సాహసంగా చరిత్రకెక్కింది. వాళ్లు పడిన అవమానాలు తక్కువేమీ కావు, అయితే అంతకుముందు పాడిన జంగాల స్త్రీల పేర్లు మనకు ఎవరికీ తెలియవు.

ఆ తరువాత సర్కార్లు ఈ కళకు భయపడ్డాయి. బ్రిటిషు పాలనలోని మద్రాసు రాజ్యంలోనూ, నైజాం రాజ్యంలోనూ బుర్రకథ ప్రదర్శనలపై నిషేధాలు వచ్చాయి. కథకులు పోలీసులకు దొరకకుండా తిరిగి కథ చెప్పవలసి వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు అనే మరో జానపద కళారూపాన్ని ఇదే విధంగా దొరలకు ఎదురు నిలిపారు. ఆయన కుమారుడు సుద్దాల అశోక్ తేజ సినిమా పాటల రచయితగా మనందరికీ తెలిసినవారే. గద్దర్ కూడా తొలిరోజుల్లో బుర్రకథ దళంతోనే జనం ముందుకు వచ్చారు.

ఎక్కడ వెదకాలి

వీడియోలతో మొదలుపెట్టడం సులువే, కానీ అందులో ఒక ఇబ్బంది ఉంది. యూట్యూబులో దొరికే వాటిలో ఎక్కువభాగం పోటీల కోసమో, ప్రభుత్వ పథకాల కోసమో పదిపదిహేను నిమిషాలకు కుదించినవి. అంత తక్కువ వ్యవధిలో వంతలకు అడ్డుతగిలే తీరిక ఉండదు. వాటిని ముఖపరిచయానికి వాడుకుని, ఆపైన పూర్తి ప్రదర్శన కోసం వెదకండి. శివరాత్రి, శ్రీరామనవమి, వినాయక చవితి, దసరా రోజులలోనూ, ఊరి తిరునాళ్లలోనూ, కొలుపులలోనూ రాత్రి పూట కథ పెట్టిస్తారు. తెనాలి, గుంటూరు ప్రాంతాలలో నాటకరంగంతో ముడిపడిన వాళ్లను అడిగితే దళాల ఆచూకీ దొరుకుతుంది: హార్మోనియం వాయించేవారు, నాటకాల దుస్తులు అద్దెకు ఇచ్చేవారు, మైకుసెట్టు పెట్టేవారు ఈ ముగ్గురికీ ఏ దళం ఎక్కడ కథ చెబుతోందో తెలియకుండా ఉండదు. ఆఫీసుల్లో జాబితాలు లేవని కాదు. ఆ జాబితాల్లో దళనాయకుడి పేరు ఒక్కటే ఉంటుంది. మైకుసెట్టు మనిషి మాత్రం "అది మామా, మేనకోడలూ కలిసి చెప్పే కథ, మేనకోడలి గొంతుకు వేరే మైకు కావాలి" అని చెబుతాడు. మనకు కావలసిన సమాచారం అదే.

తెలంగాణలో వెదికేవారు బుర్రకథ అనే మాటకే కట్టుబడకూడదు. శారద కథ చెప్పే కుటుంబాలు, ఒగ్గు కథ చెప్పే బృందాలు, ఊరూరా తిరిగి యక్షగానం ఆడే చిందు కుటుంబాలు, వీరందరూ ఒక్కొక్క తీరున మనం వెదికేదానికి సమాధానమే. నిజామాబాదు ప్రాంతపు చిందుల ఎల్లమ్మ జీవితమంతా కుటుంబ రంగస్థలంమీదనే గడిచింది. ఒగ్గు కథను చుక్క సత్తయ్య దేశమంతా వినిపించారు. వరంగల్లులోని తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఈ కళలను అధ్యయనం చేసే చోటు. అక్కడికి వెళ్లగలిగితే మేలు.

ఊరికి దూరంగా, ఇతర రాష్ట్రాల్లోనో విదేశాల్లోనో ఉన్నవారు చదువుతో మొదలుపెట్టవచ్చు. ప్రజానాట్యమండలిలో పనిచేసి తరువాత సినిమా నటుడిగా పేరు పొందిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి రాసిన "తెలుగువారి జానపద కళారూపాలు" తెలుగు వికీసోర్సులో చదువుకోవచ్చు. వీరగాథల సాహిత్యాన్ని లోతుగా తెలుసుకోదలచినవారికి తంగిరాల వెంకటసుబ్బారావు పరిశోధన ఉంది. ఇవి చదివినంతమాత్రాన దళం తెలిసినట్టు కాదు గాని, వినేటప్పుడు ఏది పాతదో ఏది కొత్తదో పోల్చుకునే చెవి తయారవుతుంది.

రెండుసార్లు వినండి

ఒకే దళాన్ని, వీలైతే ఒకే కథతో, రెండు వేర్వేరు ఊళ్లలో వినండి. మొదటిసారి కథలో పడిపోండి, ఏమీ రాసుకోవద్దు. కథకుడు ఒక్క వాక్యం మధ్యలోనే తాండ్ర పాపారాయుడుగా మారి, తంబూరను కత్తిలా ఎత్తి, మరుక్షణంలో దానినే గుర్రపు కళ్లెంగా పట్టుకుని, ఆ వెంటనే ఏమీ జరగనట్టు సభవైపు తిరిగి కథ చెప్పడం మొదలుపెడతాడు. వేషం మారదు, తెర పడదు, రంగు పూయరు. చూపు, అడుగు, గొంతులోని బరువు మారుతాయి. నాటకం అంటే అదే, దానికి ఇంకా వివరణ అక్కరలేదు.

రెండోసారి ఒక నోటుపుస్తకం తీసుకువెళ్లి, పేజీని నిలువుగా మూడు గళ్లు చేయండి. మధ్యగడి కథకుడిది. కుడిగడి కుడిపక్క నిలబడే వంతది. అతనిది, లేదా ఆమెది, రాజకీయ వంత. కథకు సమకాలపు సంగతులను ముడివేయడం ఆ వంత పని. ఎడమగడి హాస్య వంతది. మధ్యగడిలో మీరు ఎక్కువ రాయవలసిన పని లేదు, ఆ కథ పుస్తకాల్లో దొరుకుతుంది. పక్కగళ్లలో మాత్రం ఎవరు ఎక్కడ ఆపారు, ఏమని పిలిచి ఆపారు, ఏమి అడిగారు, కథకుడు సమాధానం చెప్పాడా లేక పాటలోకి జారుకున్నాడా, జనం ఏ వైపునుంచి నవ్వారు అనే అయిదు సంగతులు తప్పకుండా రాసుకోండి.

పిలుపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పరాయివాళ్లతో కట్టిన దళంలో వంతలు కథకుణ్ణి "గురువుగారూ" అనో "ఏమండీ కథకుడుగారూ" అనో పిలుస్తారు. అది రంగస్థలపు మర్యాద. కుటుంబ దళంలో "అన్నయ్యా", "నాన్నా", "బావా" అని పిలుపు జారిపోతుంది. ఆ పిలుపుతో పాటు ఇంట్లో ఉండే చనువూ, అలకా, ఎత్తిపొడుపూ వేదికమీదికి వస్తాయి. చెల్లెలు అన్నను నిలదీస్తే ఊరి పెద్దకు కోపం రావడానికి సందు తక్కువ. ఆమె అడిగింది తన అన్నను కదా! మరదలు బావను దెప్పితే సభ అంతా నవ్వుతుంది, ఆ నవ్వు చాటున దొరమీది మాట, అధికారిమీది మాట దాటిపోతుంది. చుట్టరికపు వరస అనేది ఈ కళలో నిరసనకు కప్పిన కంబళి అని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని మిత్రులు ఉన్నారు, వాళ్ల వాదన ఏమిటంటే పోరాట కాలపు దళాల్లో చుట్టరికం లేకపోయినా పదును తగ్గలేదని. అది నిజమే, ఆ దళాల వెనుక ఒక ఉద్యమం ఉంది. ఏ ఉద్యమం అండా లేని చోట ఒక కుటుంబం ఆ మాట అనగలగడమే నాకు ఆశ్చర్యం.

గొంతుల కలయికను వినడానికి చిన్న ఉపాయం ఉంది. "తందాన తాన" వచ్చిన ప్రతిసారీ కళ్లు మూసుకోండి. ఒకే ఇంట్లో పెరిగినవారు అచ్చులను ఒకే తీరున సాగదీస్తారు, ఊపిరి ఒకే చోట తీసుకుంటారు, పదం చివర ఒకే విధంగా విరుస్తారు; అందుకని రెండు గొంతుల మధ్య అతుకు వినబడదు. మగవారి శ్రుతికీ ఆడవారి శ్రుతికీ తేడా ఉన్నందువల్ల, తండ్రీకూతుళ్ల దళంలో ఎవరో ఒకరు రాజీపడవలసి ఉంటుంది. ఎవరు రాజీపడ్డారో విని పోల్చుకోవడం, ఆ దళంలో పెత్తనం ఎవరిదో తెలుసుకోవడానికి మంచి మార్గం. తండ్రి తన శ్రుతిని కూతురి కోసం పెంచుకుని, గొంతు చించుకుని పాడే దళం ఒకటి నాకు తెలుసు. ఆయనకు అరవై దాటాయి.

ఇక గజ్జె, అందె, గుమ్మెట, ఈ మూడింటి లయను విడివిడిగా వినడం సాధన మీద వస్తుంది. కథకుడు చేతి అందెలతో నడకను పట్టి ఉంచుతాడు, గుమ్మెటలు దానికి నిండుదనం ఇస్తాయి, యుద్ధఘట్టంలో గజ్జెలు రెండింటినీ తరుముతాయి. ఇంతకుమించి తాళాల లెక్కల్లోకి మొదట్లోనే పోనక్కరలేదు.

నిరసనా, ప్రచారమా?

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, ఏ కళకు నిషేధాలు పెట్టారో ఆ కళనే ప్రభుత్వాలు పనిలోకి తీసుకున్నాయి. కుటుంబ నియంత్రణ, పొదుపు, అక్షరాస్యత, ఎయిడ్స్ నివారణ, ఇలా ప్రతి పథకానికీ ఒక బుర్రకథ పుట్టింది. ఇది చూసి ముఖం చిట్లించేవారు ఉన్నారు. నేను చిట్లించను, ఎందుకంటే టీవీలు వచ్చిన తరువాత చాలా కుటుంబాల పొయ్యిలో పిల్లి పడుకోకుండా చేసినవి ఆ కార్యక్రమాలే. పైగా అవి ఎప్పుడూ ఆజ్ఞ ఇచ్చినవారి చేతుల్లోనే ఉండిపోలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కోసం కళాజాతాలు, అంటే ఊరూరా ఆడిపాడే కళాకారుల బృందాలు, తిరిగాయి. చదువుకోవడానికి కూడిన స్త్రీలు దూబగుంటలో సారా దుకాణం మీదికి వెళ్లారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అక్షరాలు నేర్పమని పంపిన పాట మరో పని చేసివచ్చిందన్నమాట.

అయినా తేడా తెలుసుకోవాలి, దానికి కుడిగడి పనికివస్తుంది. ప్రచార కథలో రాజకీయ వంత అడిగే ప్రశ్నకు సమాధానం ముందే సిద్ధంగా ఉంటుంది: "మరి ఈ పథకానికి దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలి గురువుగారూ?" అని అడగగానే కథకుడు కార్యాలయం పేరు చెబుతాడు. నిరసన కథలో వంత అడిగిన ప్రశ్న గాలిలో నిలిచిపోతుంది. కథకుడు తప్పుకుంటాడు, గుమ్మెట మోగుతుంది, ప్రశ్న మాత్రం వినేవాడితో ఇంటికి వస్తుంది. ఒకే దళం ఒకే రాత్రి ఈ రెండూ చేయవచ్చు. మొదటి గంట ఇచ్చిన సొమ్ముకు, తరువాతి గంట తమ కడుపులోని మాటకు కేటాయించుకునే కుటుంబాలను చూశాను. కాబట్టి మొదటి అరగంట విని "ఇదంతా సర్కారు కథే" అని లేచిపోవడం తొందరపాటు.

ఇంటికి వెళ్లినప్పుడు

కథ అయిపోయిన రాత్రి వాళ్లను పలకరించకండి. మూడు గంటలు ఎగిరి పాడినవారికి కావలసినవి వేణ్నీళ్లు, అన్నం, నిద్ర. వేరే రోజున, ముందుగా కబురుచేసి, ఇంటికి వెళ్లండి. వెళ్లగానే కులం అడగడం, ఆదాయం అడగడం, ప్రభుత్వ పురస్కారాలు వచ్చాయా అని అడగడం, ఈ మూడూ మాటను అక్కడికక్కడే చల్లార్చేస్తాయి. "మీ ఇంట్లో మొదట గుమ్మెట పట్టినది ఎవరండీ?" అని అడిగి ఊరుకోండి. ఆ ప్రశ్నకు చాలా ఇళ్లలో తాత పేరు కాకుండా నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో వస్తుంది, ఆపైన కథ దానంతట అదే నడుస్తుంది.

తరువాత అడగవలసినది, ఏ కథను ఏ ఊళ్లో చెప్పరు అని. ప్రతి కుటుంబానికీ అటువంటి కథ ఒకటైనా ఉంటుంది. ఒక ఘట్టాన్ని ఒక ఊళ్లో దాటవేస్తారు, ఒక పేరును ఒక వీధిలో మార్చి పాడతారు, ఎన్నికల ఏడాదిలో ఒక వంతమాటను మానేస్తారు. ఏమి పాడతారనేదానికంటే ఏమి మింగేస్తారనేది ఆ దళపు ధైర్యాన్నీ, దాని హద్దులనూ ఎక్కువగా తెలియజేస్తుంది. చెప్పడానికి ఇష్టపడకపోతే రెట్టించవద్దు. వాళ్లు రేపు అదే ఊరికి మళ్లీ వెళ్లవలసినవాళ్లు.

చేతిరాత కథల పుస్తకాలు చూపిస్తే అదృష్టమే. అట్ట చిరిగిన ఆ నోటుపుస్తకాల్లో ఒక తరం రాసినదాని పక్కన మరో తరం రంగు సిరాతో దిద్దిన గుర్తులు ఉంటాయి. అడగకుండా ఫోటో తీయవద్దు. మనకు అది కాగితం, వాళ్లకు అది పొలంతో సమానమైన ఆస్తి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఏ కథ ఎవరిదన్న పంపకాలు జరిగిన ఇళ్లు ఉన్నాయి.

పిలిపించడం, రికార్డు చేయడం

ఎంత చదివినా, మీ ఊళ్లో మీరే ఒక కథ పెట్టించినప్పుడు తెలిసేది వేరు. సంభావన ఎంతో ముందుగానే తేల్చుకుని, కొంత బయానా ఇచ్చి, దారి ఖర్చులూ భోజనాలూ దానిలో కలపకుండా వేరుగా పెట్టుకోండి. స్త్రీలు ఉన్న దళానికి వేషం మార్చుకునే గది, రాత్రి పడుకునే చోటు ముందుగా చూపించండి. పందిరికీ తోరణాలకూ వేలు ఖర్చుపెట్టి ఈ సంగతి మరచిపోయే నిర్వాహకులను లెక్కలేనంతమందిని చూశాను. వచ్చిన చదివింపులు మొత్తం దళానివేనని సభలోనే చెప్పించండి. నాయకుల ఉపన్యాసాలను కథ మధ్యలో దూర్చకండి. అన్నిటికంటే ముఖ్యంగా, కథను అరగంటకు కుదించమని అడగకండి. రెండు గంటలు ఇవ్వలేనప్పుడు బుర్రకథను పిలవకపోవడమే నయం.

మీ ఊరి సమస్యమీద కొత్త కథ కావాలంటే పద్యాలు రాసి ఇవ్వవద్దు. వాళ్లకు కావలసినవి సంగతులు: చెరువు ఏ ఏడాది పూడిపోయింది, ఎంతమంది రైతులది, ఎవరికి ఎన్ని అర్జీలు పెట్టారు, ఏమి జవాబు వచ్చింది. ఆ వివరాలను ఒక కాగితంమీద తప్పుల్లేకుండా రాసి ఇస్తే, వాళ్లు వాటిని తమకు తెలిసిన పాత మట్టులో కూర్చుకుంటారు. పల్నాటి కథ వరసలో మీ చెరువు కథ వినబడుతుంది. పేర్లు చెప్పాలా వద్దా అనేది దళానికే వదిలేయండి, ఎందుకంటే ఆ తరువాత వచ్చే ఒత్తిడిని భరించేది వాళ్లే.

రికార్డు చేసేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. సాధారణంగా మధ్యవారి ముందు ఒక మైకు పెట్టి, పక్కవాళ్లను అందులోకి వంగి పాడమంటారు. ముగ్గురికి మూడు మైకులు అడగండి, కుదరకపోతే మైకును కుడి వంత వైపు ఒక జానెడు జరపమనండి. కథకుడి గొంతు ఎలాగూ వినబడుతుంది. మీ ఫోనును స్పీకరు పెట్టె పక్కన కాకుండా వేదికకు ఎదురుగా, ఏడెనిమిది అడుగుల దూరంలో, ఛాతీ ఎత్తున నిలబెట్టండి. జనం నవ్వులూ, ఈలలూ పడతాయని బాధపడకండి, అవి పడాలి. ఏ మాటకు ఎవరు నవ్వారో తెలియకపోతే ఆ మాట సగమే దొరికినట్టు. దళం అనుమతి లేకుండా దేనినీ ఎక్కడా పెట్టవద్దు, ముఖ్యంగా వంతమాటలను ముక్కలుగా కత్తిరించి పెట్టవద్దు. సందర్భం నుంచి విడిపోయిన ఎత్తిపొడుపు, అన్నవారి మెడకు చుట్టుకుంటుంది.

మరునాటి ఉదయం వాళ్లు బస్సెక్కే ముందు, కాఫీలవేళ, ఆ రికార్డును వాళ్లకే వినిపించండి. కథకుడు తన పాట విని తల ఊపి ఊరుకుంటాడు. వంతలు మాత్రం ఆపమంటారు, వెనక్కి తిప్పమంటారు. ఇక్కడ నేను తొందరపడ్డానంటారు, ఈ మాట మా మేనత్తది అంటారు, ఇక్కడ అనబోయి మానేసిన మాట వేరే ఉంది అంటారు. నోటుపుస్తకంలో కుడిగడి, ఎడమగడి అప్పుడు నింపండి, తేదీ వేసి, ఆ మేనత్త పేరు అడిగి.